పసుపునీళ్ల మాట

ముందుగా ఒక మాట. నా రాతలో తప్పులుంటాయి. ఒత్తులు ఒక్కోసారి పక్క అక్షరం కిందికి పోతాయి. నేను అక్షరాలు దిద్దింది యాభై ఎనిమిదో ఏట, ఇంటాయన పోయాక, ఎనిమిదో తరగతి చదివే మనవరాలి పక్కన కూర్చుని. ఇప్పటికీ ఒక పేజీ రాసేలోపు పొయ్యి మీద కందిపప్పు మెత్తగా ఉడికిపోతుంది. ఇదంతా రాసి నవీనకిచ్చి దిద్దమన్నాను. అది మొత్తం చదివి, "నేను దిద్దనవ్వా. ఇట్లనే ఉండనీ" అని తిరిగి ఇచ్చేసింది. అందుకని ఇట్లాగే ఇస్తున్నాను. ఓపిక చేసుకుని చదవండి.

నవీన నా కొడుకు ధనంజయ కూతురు. ఒక్కతే బిడ్డ. తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ గుడికి దగ్గర్లో ఒక సందులో మా ఇల్లు. ధనంజయకు శ్రీ సిటీలో పని, కంపెనీ బస్సులో పోయి వస్తాడు. కోడలు పంకజాక్షి ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. నేను రాసేది నవీన ఇంటరు మొదటి ఏడు పరీక్షలు రాసిన ఎండాకాలం గురించి.

అప్పటికి దాని ఈడు పిల్లలందరికీ సమర్తలు అయిపోయాయి. నవీన ఒక్కటే పెద్దమనిషి కాలేదు. జాకెట్ల కోసం వచ్చే ఆడవాళ్లకు అదే మాట.

"ఏం పంకజాక్షీ, మాకు భోజనం ఎప్పుడు పెడతావు?"

"వచ్చే ఏడు పెడతాలే అక్కా."

"పోయినేడూ ఇదే అంటివే!"

నవీన లోపలి నుంచే అరిచేది. "భోజనమే కదత్తా, ఆదివారం రా. సంగటి, పప్పు పెడతా. నేను పెద్దమనిషి అయ్యేదాకా ఆకలితో ఉంటావా ఏం?"

అందరూ నవ్వేవాళ్లు. పంకజాక్షి మాత్రం మిషను గట్టిగా తొక్కేది.

పరీక్షలు అయిపోయిన వారానికి నవీనకు తొడ మొదట్లో వాపు వచ్చింది. నడిస్తే నొప్పి. గజ్జల్లో బిళ్ల కట్టిందనుకుని ఆసుపత్రికి తీసుకుపోతే స్కానింగు తీశారు. తీసిన అమ్మాయి మా ముఖాలు చూడకుండా, పెద్ద డాక్టరు దగ్గరికి పొమ్మంది. ఆయన రక్తం తీయించి ఎక్కడికో పంపాడు. అది వచ్చాక మళ్లీ పిలిపించాడు.

ఆయన పేరు చక్రధర్. ఊళ్లో చాలా పేరున్నవాడు. ఆయన గదిలోకి పోయేవాళ్లు చెప్పులు బయట విడిచి పోతారు. విడవమని ఎవరూ చెప్పరు. మేము నలుగురం లోపలికి పోయాం. మాకు అర్థం కావలసిన మాటలు ఆయన తెలుగులో చెప్పాడు, అర్థం కాకూడని మాటలు ఇంగ్లీషులో నా కొడుక్కి చెప్పాడు.

"చూడమ్మా, పాపకు గర్భసంచి లేదు. పుట్టుకతోనే లేదు. కడుపులో సరిగ్గా ఎదగని గడ్డలు రెండున్నాయి. వదిలేస్తే క్యాన్సర్ అవుతాయి. తీసేసి సరిచేస్తాం. చిన్న ఆపరేషను."

క్యాన్సర్ అనే మాట మా ఇంట్లో కొత్తది కాదు. నా పెనిమిటి దాంతోనే పోయాడు. పంకజాక్షి నా చెయ్యి పట్టుకుంది.

ఆ తరువాత ఇంగ్లీషు మొదలైంది. చాలాసేపు మాట్లాడాడు. ధనంజయ తల కొంచెం కొంచెంగా కిందికి వంగింది. నవీన ఎత్తు కుర్చీలో కూర్చుని కాళ్లు ఊపుతూ ఉండింది. మధ్యలో ఎక్కడో ఆ కాళ్లు ఆగిపోయాయి. అది నేను చూశాను. డాక్టరు చూడలేదు.

మరుసటి రోజు పొద్దున నేను మిద్దె మీద వడియాలు పెడుతుంటే నవీన వచ్చి పక్కన కూర్చుంది. కాసేపు పిండి గుంటగరిటెతో కలిపింది.

"అవ్వా, ఆయప్ప నాయనతో ఏం చెప్పినాడో నీకు తెలుసునా?"

"తెలీదు బిడ్డా. నాయన చెప్పలేదు."

"నాకు అర్థమయింది. నేను బైపీసీ అని ఆయప్పకు తెలీదు కదా." అది వడియం పెట్టి, చెయ్యి తుడుచుకుంది. "నా రక్తంలో ఉండేది మగోళ్లకు ఉండేదంట. కడుపులో ఉండే గడ్డలు కూడా మగోళ్లవేనంట. అయినా ఒళ్లు వాటి మాట వినకుండా ఆడపిల్ల మాదిరి పెరిగిందంట. మా జువాలజీ పుస్తకంలో ఉండాదవ్వా. ఆడోళ్లకు ఎక్స్ ఎక్స్, మగోళ్లకు ఎక్స్ వై. దాని కింద ఇంకేం లేదు. నన్ను రాయలేదు ఆడ."

ఎక్స్, వై అంటే నాకేం తెలుసు? దాని ముఖం మాత్రం చూశాను. రోజూ చూసే ముఖమే.

"ఇది నాకు చెప్పద్దన్నాడు. అండాశయాలు చెడిపోయినాయని చెప్పమన్నాడు. ఇట్లా చానామందికి చేసినాడంట. యెవురికీ చెప్పలేదంట. అందరూ సుఖంగా ఉండారంట."

"మంచిదే కదా బిడ్డా, సుఖంగా ఉంటే."

"వాళ్లకేమీ చెప్పకుంటే, వాళ్లు సుఖంగా ఉండారని ఆయప్పకు యెవురు చెప్పినారవ్వా?"

కాకి ఒకటి వడియాల మీదికి వస్తే కర్ర తీసుకుని తోలాను.

"మరి నీకెట్లా ఉండాది ఇప్పుడు?" అని అడిగాను.

"ఆకలిగా ఉండాది" అని నవ్వింది. తరువాత నవ్వు ఆపి అంది. "నేను నిన్నటిదాన్నే అవ్వా. నాకేం మారలేదు. కొయ్యాల్నా వొద్దా అనేది తరువాత. ముందు నాకు తెలియాల. నేను సరే అనేదాకా నన్ను కొయ్యగూడదు. అంతే."

ఆ ఎండాకాలమంతా అది అడిగింది అదొక్కటే.

ఇంట్లో మాత్రం చాలా మారింది. ధనంజయ బస్సు దిగి వచ్చి, ఎప్పుడూ ముందు దాని నెత్తి మీద వేలితో కొట్టి, "ఏం తల్లీ" అనేవాడు. ఇప్పుడు నేరుగా పెరట్లోకి పోయి కాళ్లు కడుక్కుంటున్నాడు. ఎంతసేపు కడుగుతాడో! పంకజాక్షి ఒకరోజు మిషను మీద తల పెట్టుకుని ఏడ్చింది.

"దేవుడా, నేను కన్నది యెవుర్ని?"

"నన్నే మా" అంది నవీన. "లెయ్, ఆ జాకెట్టు సాయంత్రానికి కావాలన్నారు."

నవీన వాళ్ల కాలేజీలో జువాలజీ చెప్పే రాజశ్రీ మేడంకు ఫోను చేసింది. ఆమె మా ఇంటికే వచ్చింది. "నాకు కూడా పాఠంలో ఉన్నంతే తెలుసండీ" అని ముందే చెప్పింది. తరువాత వేలూరులో ఇట్లాంటి పిల్లల్ని చూసే డాక్టరమ్మ ఒకామె ఉందనీ, కోసే ముందు ఆమెకు ఒకసారి చూపించమనీ ధనంజయను అడిగింది. వాడు కాదనలేదు. మేడమే మాట్లాడి రోజు కుదిర్చింది. పొద్దున్నే టోకెను, కాబట్టి ముందురోజు పోయి అక్కడే పండుకోవాలి.

ఆ కుదిరిన రోజు జాతర వారంలో పడింది.

మా గంగమ్మ జాతరకు ముందు చాటింపు వేస్తారు. ఊరి పొలిమేరల్లో డప్పు కొట్టి జాతర మొదలైందని చెబుతారు. అది విన్నవాళ్లు జాతర ముగిసేదాకా ఊరు దాటి పోయి రాత్రి నిద్ర చెయ్యకూడదు. ఇప్పుడు చాలామంది పట్టించుకోరు. మా ఇంట్లో పట్టించుకుంటాం. పంకజాక్షి పుట్టింది పుత్తూరులో. ఈ భయం ఆమెకు మా ఇంటికి వచ్చాకే పట్టుకుంది.

"చాటింపు విన్నాక పొలిమేర దాటి పండుకోవడమా? ఇంట్లో ఇంత కష్టం పెట్టుకుని అమ్మను కూడా కోపం చేసుకోమంటారా? నా బిడ్డను నేను పంపను."

"నాయన రోజూ శ్రీ సిటీకి పోతా ఉండాడు కదమ్మా" అంది నవీన.

"రాత్రికి వచ్చేస్తాడు."

"గంగమ్మకు పగలు కనపడదా?"

పంకజాక్షి చెయ్యెత్తి, మళ్లీ దించేసింది. ధనంజయ నా వైపు చూశాడు. నేను పోండి అంటే పోయేవాళ్లేమో. నాకు నోరు రాలేదు. జాతర అయ్యాక వేరే రోజు అడుగుదాం అనుకున్నాం. మేడం అడిగితే, వేలూరు డాక్టరమ్మ దగ్గర మళ్లీ కుదిరేది ఆషాఢంలోనేనని తేలింది. చక్రధర్ గారు ఆపరేషను పెట్టింది జాతర అయిన మూడోనాడు.

మా ఇంటి ఆనవాయితీ ఒకటి చెప్పాలి. ధనంజయకు ఐదేళ్లప్పుడు ఒళ్లంతా అమ్మవారు పోసింది. బతికితే ఏటా జాతరకు ఆడవేషం కట్టిస్తానని మొక్కుకున్నాను. తిరుపతిలో ఇది వింత కాదు. ఆ రోజు మీసాలున్న మగవాళ్లు కూడా చీర కట్టి, సవరం పెట్టుకుని, పూలు ముడుచుకుని గుడికి పోతారు. నా కొడుకు కట్టేది నా చిలకపచ్చ పట్టుచీర. ఇంటాయన పోయాక నేను దాన్ని కట్టలేదు. ఏడాదికొకసారి వాడే కడతాడు.

గుడికి పోయి తిరిగి వచ్చినప్పుడు, గడప దాటకముందే ఇంటి ఆడవాళ్లు వాడి కాళ్ల మీద పసుపునీళ్లు పోస్తాం. అప్పుడు వాడు నా కొడుకు కాదు, గంగమ్మ. మనసులో ఉన్నది అడగొచ్చు. ఆమె "అట్లే" అంటే అయినట్టే. చీర విప్పాక కూడా ఆ మాట నిలబెట్టాలి. ఒక ఏడు పంకజాక్షి కుట్టుమిషను అడిగింది. ఆషాఢం దాటకముందే మిషను వచ్చింది. ఆ తరువాత ధనంజయ, "ఈ ఏడు కొంచెం చూసి అడగండమ్మా" అని గంగమ్మ గొంతుతోనే బతిమాలేవాడు.

ఆ ఏడు కూడా చీర నేనే కట్టాను. నాకు నడుము వంగదు కాబట్టి కింద కుచ్చిళ్లు నవీన సర్దింది. దాని చేతులు తగిలినప్పుడల్లా వాడు బిగుసుకుపోయాడు. అది తల ఎత్తలేదు. కుచ్చిళ్లన్నీ సరిచేసి, అంచు లాగి, "సరిపోయింది" అని లేచింది.

వీధిలోకి పోతే పక్కింటి చెంగల్రాయుడు ఎర్రచీరలో నిలబడి ఉన్నాడు. బొద్దు మీసం, దాని మీద ముక్కుపుడక.

"ఏమే ధనంజయమ్మా! నా కొప్పు సరిగ్గా ఉండాదా, సూడు."

నవీనకు నవ్వొచ్చింది. వారాల తరువాత నవ్వింది. "మామా, మీసం తీసేసి ఉండచ్చు కదా!"

"మీసానికేమే? ఈ పొద్దు నేను ఆడదాన్నే. కాదనే మొగోడెవుడో రమ్మను!"

వీధంతా నవ్వింది. కాపలా ఉన్న పోలీసాయన, "పొండి వదినా పొండి, ఎండ కాస్తా ఉండాది" అని దారి ఇచ్చాడు. నవీన నవ్వు మాత్రం ఆగిపోయింది. అది చెంగల్రాయుడి వైపే చూస్తూ నిలబడిపోయింది.

మధ్యాహ్నం దాటాక ధనంజయ తిరిగి వచ్చాడు. కాటుక చెమటకు కారింది. గడప ముందు నిలబడ్డాడు. పంకజాక్షి హారతి పళ్లెం పట్టుకుంది. పసుపునీళ్ల చెంబు నేను ఎత్తబోతుంటే నవీన నా చేతిలోంచి తీసుకుంది. కూర్చుని, తండ్రి రెండు పాదాల మీద నిదానంగా పోసింది. వేళ్ల సందుల్లో దుమ్ము పోయేదాకా చేత్తో కడిగింది. తరువాత తల ఎత్తింది.

"అమ్మా. నేను సరే అనేదాకా నన్ను కొయ్యనియ్యద్దు."

వీధిలో డప్పులు పోతున్నాయి. అవి దూరం అయ్యాక,

"అట్లే" అన్నాడు ధనంజయ.

నవీన లేచి, తడిచేతులు పావడాకు తుడుచుకుని, లోపలికి పోయి అన్నం పెట్టుకుని తినింది. అంత ఆకలిగా అది తినడం నేను మళ్లీ చూడలేదు.

ధనంజయ చీర విప్పకుండానే పెరట్లోకి పోయి డాక్టరుకు ఫోను చేశాడు. వాడి మాటలే మాకు వినిపించాయి.

"సార్, నేను నవీన నాయన్ని... ఆపరేషను కొన్నాళ్లు ఆగుదామని సార్... లేదు సార్, వేరే డాక్టరు యెవురూ చెప్పలేదు... నేనే సార్, నేనే అనుకున్నాను... కాదు సార్. నేను డాక్టర్ని కాదు సార్... తెలుసు సార్. మా నాయన దాంతోనే పోయినాడు... తెలుసు సార్... లేదు సార్, మీ మీద నమ్మకం లేక కాదు..."

ఎవరు ఆగమన్నారని ఆయన అడిగినట్టున్నాడు. గంగమ్మ ఆగమందని ఆయనకు ఎట్లా చెబుతాడు? ఆ గంగమ్మా వీడే కదా.

"సరే సార్, తీసుకొస్తాను" అన్నాడు చివరికి.

ఏటా వాడి చీర నేనే విప్పేదాన్ని. ఆ రోజు వాడే లాగేసుకున్నాడు. గాజు ఒకటి పగిలి మణికట్టు కోసుకుంది. నవీన తలుపు దగ్గర నిలబడి చూస్తోంది. లోపలికి పోయి దూది తెచ్చి వాడి పక్కన పెట్టి పోయింది.

ఆసుపత్రిలో అది గొడవ చెయ్యలేదు. చక్రధర్ గారు మంచం దగ్గరికి వచ్చినప్పుడు అడిగింది.

"సార్, అవి క్యాన్సరేనా?"

"ఇప్పుడు కాదు. అవుతాయి."

"ఎప్పుడు సార్?"

"అది ఎవరు చెప్పగలరు పాపా?"

"మీరే కదా సార్ చెబుతా ఉండారు."

ఆయన నవ్వి దాని తల నిమిరాడు. "చాలా తెలివైన పాప" అన్నాడు ధనంజయతో. నవీనకు పద్దెనిమిది నిండలేదు కాబట్టి దాని సంతకంతో పని లేదు. లోపలికి తీసుకుపోయే ముందు చెవి కమ్మలు తీసి నా చేతిలో పెట్టింది. "నేను సరే అనలేదు, గుర్తుపెట్టుకో అవ్వా" అంది. గుర్తుపెట్టుకున్నాను. అందుకే రాస్తున్నాను.

తీసినవాటిని పరీక్షకు పంపారు. క్యాన్సర్ లేదన్నారు. పంకజాక్షి, "లేదా సార్?" అని అడిగితే ఆయన, "లేకపోతే మంచిదే కదమ్మా. రాకముందే తీసేశాం" అన్నాడు. ఆ మాటకు ఎదురు ఏం చెప్పాలో ఎవరికి తెలుస్తుంది? వచ్చి ఉంటే ఆయన చెప్పింది నిజం. రాకపోయినా ఆయన చెప్పిందే నిజం. ఆయన చెడ్డవాడని నేను రాయలేను. ఆదివారం కూడా వచ్చి దాన్ని చూసిపోయాడు. తెలియదు అనే మాట ఆయన నోటికి అలవాటు లేదు.

ఆ తరువాత నవీనకు ఒళ్లు ఉన్నట్టుండి మంటలెత్తేది. ఫ్యాను కింద కూర్చుని చెమటలు తుడుచుకునేది. నడుము నొప్పి, మోకాళ్ల నొప్పి. నా వయసు నొప్పులు దానికి వచ్చాయి. రోజూ మాత్ర వేసుకోవాలి, ఎన్నాళ్లని ఎవరూ చెప్పలేదు. తండ్రితో మాట్లాడటం మానలేదు. "అన్నం పెట్టనా?", "బస్సుకు టైమయింది" అంటుంది. ఆ మాటల్లో నాయనా అనే పిలుపు మాత్రం ఉండదు. వాడు దానికోసం ఎదురుచూస్తూ చెయ్యి కడుక్కోకుండా కంచం ముందే కూర్చుని ఉండేవాడు.

వానలు మొదలయ్యాక ఒకరోజు, "అవ్వా, పలమనేరులో తాత ఇల్లు ఖాళీగానే ఉండాదా?" అని అడిగింది. ఖాళీగానే ఉంది. ఇంటరు రెండో ఏడు అక్కడి కాలేజీలో చేరింది. నేనూ దాంతో వచ్చేశాను. పంకజాక్షి బస్టాండు దాకా వచ్చి, బస్సు కదిలేదాకా కిటికీ కమ్మీ పట్టుకుని నిలబడింది.

మరుసటి ఏడు చాటింపుకు ముందు ధనంజయ పలమనేరు వచ్చాడు. సంచిలో చిలకపచ్చ చీర.

"ఇది నా కాడ ఉండకూడదు మా."

"ఈ ఏడు వేషం?"

"ఎట్లా కట్టేది? పసుపునీళ్లు యెవురు పోస్తారు?"

నవీన మజ్జిగ తెచ్చి ఇచ్చింది. వాడు అందుకుంటూ, "తల్లీ" అన్నాడు. అది వాడు తాగేదాకా నిలబడి, గ్లాసు తీసుకుని లోపలికి పోయింది. ఐదేళ్ల వయసు నుంచి తప్పని మొక్కు ఆ ఏడు తప్పింది. చీర నా పెట్టె మీదే ఉంది.

నవీనకు పద్దెనిమిది నిండాక మేమిద్దరం వేలూరు పోయాం. డాక్టరమ్మ నడివయసు మనిషి. సగం అరవం, సగం తెలుగు. కాగితాలన్నీ చూసి, ముందు కుర్చీ నవీన దగ్గరికి జరుపుకుంది. ఒక్క మాట కూడా నాతో చెప్పలేదు, అన్నీ దాంతోనే చెప్పింది. ఆ గడ్డలు మగవని పేరే గానీ, దాన్ని అంతవరకూ ఆడపిల్లగా పెంచినవి అవేనట. ఎముకలకు బలం ఇచ్చిందీ అవేనట. క్యాన్సర్ భయం ఉంది గానీ ఆ వయసులో చాలా తక్కువట, ఏటా పరీక్ష చేస్తూ ఆగి ఉండవచ్చట.

"కచ్చితంగా ఏది మంచిదని నాకూ తెలియదు పాపా" అంది. "మాకు తెలిసింది కొంచమే. అందుకే మీ మాదిరి వాళ్లనే అడుగుతాం. నీకు ఏం వేణుం, ఏం కావాలి? చెప్పు."

నవీన అరచెయ్యి చూసుకుంటూ కూర్చుంది. నేను దాని వీపు మీద చెయ్యి వేశాను. అది తల ఎత్తింది.

"ముందు అడిగుంటే చెప్పేదాన్ని మేడం."

డాక్టరమ్మ చేతిలోని కలం కింద పెట్టేసింది. బయట బెంచీల నిండా మనుషులున్నారు. అయినా ఆమె మమ్మల్ని లెమ్మనలేదు.

దేవకమ్మ, అరవై మూడేళ్లు,
ఇప్పుడు ఉండేది పలమనేరు, నవీనతో.